ఘాటు రోడ్డు ల్యాప్ టైములు

ఇది వేగం గురించిన మహాగాథ. ఇందులో మంటల్లో చిక్కుకున్న కార్లున్నాయి, చావుకు భయపడని వీరులున్నారు, నల్లమల అడవి ఉంది, ఒక తండ్రి ఉన్నాడు, అతనికి కొడుకు చేసిన ద్రోహం ఉంది.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఒక ఎక్సెల్ షీటు ఉంది. కార్లన్నీ అందులోనే ఉన్నాయి, వరుసగా, కదలకుండా. తండ్రి బస్సు డ్రైవరు. అడవిలో మేము పులిని చూడలేదు, గొర్రెల్ని చూశాం. ద్రోహం మాత్రం నిజమే. అది కూడా కంటి ఆసుపత్రిలో టోకెను తీసుకుని, మా వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని చేసింది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు నేను ఉద్యోగం వెతుకుతున్నానని మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. రాచర్లకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న మా పల్లెలో ఆ నమ్మకాన్ని నిలబెట్టాలంటే ల్యాప్‌టాప్ తెరిచి ఉంచితే చాలు. డేటా విశ్లేషణ అని ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. చివర్లో ఒక ప్రాజెక్టు ఇవ్వాలి. తోటివాళ్లందరూ ఇళ్ల ధరల ఫైలు తీసుకున్నారు. నేను రేసు కార్ల ఫైలు తీసుకున్నాను. ఒంటి సీటు కార్ల ప్రపంచ పోటీలు మొదలైన నాటి నుంచి ఇవాళ్టి దాకా ప్రతి రేసు, ప్రతి కారు, ఎవడు ఎన్నో స్థానంలో వచ్చాడు, ఎవడు రాలేదు, ఎందుకు రాలేదు అన్నీ అందులో ఉన్నాయి. రేసుల మీద ప్రేమేమీ లేదు. ఫైలు ఉచితం, పైగా పెద్దది. పెద్ద ఫైలు తెరుచుకోవడానికి టైము పడుతుంది, ఆ టైములో మనిషి పనిచేస్తున్నట్టు కనిపిస్తాడు.

నాయన డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా కొయ్యకు తగిలించి, నా పక్కన కూర్చున్నాడు.

"ఏందిరా అది?"

"రేసు కార్లు నాయనా. ఫార్ములా వన్ అంటారు."

"ఎంతమంది ఎక్కుతారు?"

"ఒక్కడే. సింగిల్ సీటు."

"ఒక్కడి కోసరం అంత డీజిలా?"

"పెట్రోలు."

"ఇంకా అన్యాయం. యాడికి పోతారు?"

"యాడికీ పోరు. బయలుదేరిన కాడికే వస్తారు."

నాయన తలాడించాడు. "మా లోకల్ సర్వీసూ అంతే," అన్నాడు.

తర్వాత ముఖాన్ని స్క్రీనుకు జానెడు దూరంలో పెట్టి, ఒక్కో గడీ చదవడం మొదలుపెట్టాడు. నేనది ఆసక్తి అనుకున్నాను.

"ఇదేందిరా, వరసగా రిటైర్డ్, రిటైర్డ్ అని ఉంది. ఈడి వయసు చూస్తే ఇరవై నాలుగు. ఆ వయసుకే రిటైరైతే పెన్షన్ ఎట్ల ఇస్తారు?"

రేసుల భాషలో రిటైర్డ్ అంటే బండి మధ్యలో ఆగిపోయిందని అర్థమని చెప్పాను. నాయనకు నచ్చలేదు. "మరి బ్రేక్‌డౌన్ అని రాయాల గదా. ముప్పై ఏండ్లు చేసినోడు ఏమనుకోవాల?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాటకు కొత్త అర్థం వచ్చింది. మిక్సీ రిటైరైంది. కరెంటు రిటైరైంది. మధ్యాహ్నానికి కుళాయి రిటైరైంది. నాయన మాత్రం ఇంకా సర్వీసులో ఉన్నాడు, నాలుగేళ్లు మిగిలాయి.

ఎందుకు ఆగిపోయాయో ఆ ఫైల్లో వేరే గడి ఉంటుంది. ఇంజిను, గేరుబాక్సు, బ్రేకులు, టైరు. నాయనకు అది నవల చదివినట్టు ఉండేది. తొలి ఏళ్లలో బయలుదేరిన కార్లలో చాలావాటికి చివరి గీత దాటే యోగం లేదు. బెల్టు కట్టుకునేవాళ్లు కాదు. బండి అంటుకుంటే అందులో ఇరుక్కోవడం కంటే బయటికి విసిరేయబడటమే మేలని లెక్క. తర్వాత ఇంజిను డ్రైవరు ముందు నుంచి వీపు వెనక్కి పోయింది, కార్లకు నేలకు అదిమిపట్టే రెక్కలొచ్చాయి, టైర్లు వెడల్పయ్యాయి. వేగం పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు రూలు మార్చి తగ్గించేవాళ్లు, ఇంజినీర్లు మళ్లీ పెంచేవాళ్లు. ఒక చుట్టుకు పట్టిన టైమును, అంటే ల్యాప్ టైమును, గ్రాఫు గీస్తే తిన్నగా దిగే మెట్లు కావు, రంపం పళ్లు. ఇప్పుడైతే కార్లు బరువెక్కాయి, ఆగిపోవడం బాగా తగ్గింది, టైర్లు మార్చడానికి రెండు సెకన్లు పడుతుంది.

"నాలుగు టైర్లా?" అన్నాడు నాయన.

"నాలుగూ."

"మా గ్యారేజీలో ఆ టైముకి జాకీ యాడుందని అడుగుతారు."

ఒక గడి దగ్గర నాయన వేలు ఆగింది. అక్కడ ఇంగ్లీషులో ప్రాణాంతక ప్రమాదం అని ఉంది.

"అంటే?"

"చచ్చిపోయినాడు."

"దీనిక్కూడా గడి పెట్టినారా?"

"అన్నిటికీ ఉంటది నాయనా."

పాత దశాబ్దాల్లో ఆ గడులు దగ్గరదగ్గరగా వస్తాయి. పోనుపోను పలచబడతాయి. తర్వాత ఒకే వారాంతంలో ఇద్దరు. ఆ పైన చాలా ఏళ్లు ఎవరూ లేరు, ఇక అయిపోయిందనుకుంటాం. అప్పుడు ఒకడు, వానలో, వెలుతురు తగ్గుతున్న వేళ, ట్రాకు పక్కన ఇంకో కారును ఎత్తుతున్న బండిని గుద్దుకున్నాడు. కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. నా షీటులో అతని వరుస మిగతా వరుసలంత పొడవే ఉంది.

"వెలుతురు తగ్గేటప్పుడు నడపకూడదు," అన్నాడు నాయన. లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. గడప తగిలి తూలాడు. ముప్పై ఏళ్లుగా అదే గడప. నేను జోకు వేశాను: "నాయనా, స్పీడ్ బ్రేకరు." ఆయన నవ్వాడు. నాకు ఆ జోకు ఇప్పటికీ గుర్తుంది. నా జోకుల్లో చాలావాటిని మర్చిపోయే అదృష్టం అందరికీ ఉంది, దాన్ని మాత్రం నేను మర్చిపోలేకపోతున్నాను.

నాయనకూ రేసులకూ అసలు చుట్టరికం కలిసింది పొదుపు దగ్గర. ఇప్పటి రేసుల్లో మధ్యలో పెట్రోలు పోయనివ్వరు. అందుకని ప్రపంచంలోకెల్లా వేగమైన డ్రైవర్లు కూడా మలుపుకు చాలా ముందే యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, బండిని దాని ఊపు మీద పోనిస్తారు. ఇది చెప్పగానే నాయన నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"అది నేను ముప్పై ఏండ్ల నుంచి చేస్తన్నా. నాకెవురూ కప్పు ఇయ్యలా."

కప్పు ఇవ్వలేదు కానీ ఫొటో పెట్టారు. నాయన పనిచేసే డిపోలో ఒక బోర్డు ఉంటుంది. లీటరుకు ఎవరు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో నెలనెలా అందులో రాస్తారు. కేఎంపీఎల్ బోర్డు అంటారు. మొదటి స్థానం వచ్చినవాడి ఫొటో పక్కనున్న అద్దాల పెట్టెలో పెడతారు. రెండేళ్లుగా ఆ పెట్టెలో నాయనే. మిగతా డ్రైవర్లు, "ఏందన్నా, డీజిల్ బదులు గాలి పోసి తోలుతున్నావా?" అని ఏడిపించేవాళ్లు.

నాయన దగ్గర జేబు డైరీలున్నాయి. ప్రతి ట్రిప్పు రాస్తాడు: బండి నంబరు, ఎన్నింటికి తీశాడు, ఘాటు ఎక్కింది ఎప్పుడు, దిగింది ఎప్పుడు, ఎంత డీజిలు. ఎవరూ రాయమనలేదు. నాకొక ఆలోచన వచ్చింది. రేసు కారు ప్రతి మలుపు దగ్గర ఎంత టైము తీసుకుందో లెక్కపెట్టే పద్ధతి కోర్సులో నేర్పారు కదా, అదే పద్ధతిలో నాయన ఘాటు రోడ్డుకు ల్యాప్ టైములు కట్టి, రిటైరయ్యే రోజు ఫ్రేము చేసి ఇద్దామని. పాత అర్థంలో రిటైరయ్యే రోజు.

డైరీలన్నీ టైపు చేయడానికి మూడు వారాలు పట్టింది. గ్రాఫు వచ్చింది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు రెండేళ్లుగా పైకి పోతున్నాయి, చూడముచ్చటగా. అక్కడ ఆపేసి ఉంటే ఫ్రేము కట్టించేవాణ్ణి.

ట్రిప్పులను పొద్దుటివి, సాయంత్రానివి అని విడదీసి, ఘాటు దాటడానికి పట్టిన టైము గీశాను. పొద్దుటి గీత ఎన్నేళ్లయినా ఒకే చోట ఉంది. సాయంత్రం గీత మెల్లగా లేచింది. అదే బస్సు, అదే రోడ్డు, అదే మనిషి. మొదట అయిదు నిమిషాలు ఎక్కువ, తర్వాత పది, తర్వాత ఇంకా. ట్రాఫిక్ అనుకున్నాను. కానీ ఎండాకాలంలో గీత దిగుతోంది, చలికాలంలో లేస్తోంది. ఎండాకాలం ఆ ట్రిప్పు ఘాటులో ఉన్నప్పుడు ఇంకా ఎండ ఉంటుంది. చలికాలం పొద్దు గుంకి ఉంటుంది. నేను క్యాలెండరులో పొద్దు గుంకే టైములు తెచ్చి పక్కన పెట్టాను. గీత దాన్నే పట్టుకుని నడిచింది.

నాయనకు మసకలో కనపడటం లేదు. కనపడక నెమ్మదిగా పోతున్నాడు. నెమ్మదిగా పోతున్నాడు కాబట్టి డీజిలు మిగులుతోంది. డీజిలు మిగులుతోంది కాబట్టి అద్దాల పెట్టెలో ఫొటో ఉంది.

తర్వాత అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఏడాది నుంచి అమ్మ పచ్చడి గిన్నెను ఎప్పుడూ కుడివైపే పెడుతోంది. నాయన సాయంత్రం పూట బైకు తీయడం మానేసి, పెట్రోలు ధర మీద కోపం చూపిస్తున్నాడు. డేటా లేకపోయినా అమ్మకు తెలుసు. డేటా ఉన్నవాడికే ఆలస్యంగా తెలిసింది.

ఒక్క గ్రాఫు చూసి నమ్మకూడదని కూడా కోర్సులో నేర్పారు. డిసెంబరులో ఒక సాయంత్రం నేను ఆ బస్సు ఎక్కాను. నేను పిన్ని అని పిలిచే కండక్టరు నన్ను చూసి, "ఏం అబ్బాయా, నువ్వూ ఎక్కినావు, ఉద్యోగం వచ్చిందా?" అంది. చాలా ఏళ్లుగా నాయన బండికి ఆమే కండక్టరు. ఘాటు మొదలవగానే ఆమె టిక్కెట్ల పని ముగించి, డ్రైవరు పక్కన నిలబడింది. మాట్లాడుతూనే ఉంది, చిన్నగా, పక్కవాళ్లు ఊసుపోక కబుర్లు అనుకునేటట్టు.

"అన్నా, ఎడం మలుపు. ఇంకా ఎడమ. లారీ వస్తంది, పక్కకి రా. ఆఁ, పోయింది. కల్వర్టు. ఇప్పుడు నేరుగా పో."

రేసు డ్రైవర్ల చెవిలో ఒక ఇంజినీరు రేడియోలో మాట్లాడుతూ ఉంటాడు. కారు నిండా సెన్సర్లు, చేతి తొడుగులో నాడి కొలిచే పరికరం కూడా ఉంటుంది, చూసి చెప్పడానికి ఎక్కడో ఒక గది నిండా జనం ఉంటారు. మా బస్సులో పిన్ని ఉంది. వెనక నలభై మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నేను సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఆ కమ్మీ పట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలియదు, అయినా పట్టుకున్నాను.

ఘాటు దిగాం. చదును నేల వచ్చింది, నాకు ఊపిరి వచ్చింది. వెనక సీటులో ఒక ముసలామె తన స్టేజీ దాటిపోయిందేమోనని పిలిచింది. పిన్ని అటు తిరిగింది, రెండు అడుగులు వేసింది. అంతే.

చప్పుడు పెద్దగా లేదు. బస్తాలు పడ్డట్టు వచ్చింది. బస్సు ఆగింది. రోడ్డు దాటుతున్న గొర్రెల మంద. మూడు గొర్రెలు చక్రాల కిందికి పోయాయి, ఒకటి ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. గొర్రెలాయన టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవలేదు, తిట్టలేదు.

"అన్నా, టార్చి ఊపినా గదా. చూల్లేదా?"

"చూసినా," అన్నాడు నాయన. "బ్రేకు పట్టలా."

"రోజూ నేను ముందు నడుస్తా. ఈ పొద్దు కుంటిది ఎనకబడితే దాని కోసరం ఎనక్కి పోయినా," అన్నాడు ఆయన.

డిపో కాగితాల్లో బ్రేకులు అని రాశారు. నా రేసుల ఫైల్లో కూడా బ్రేకులు అని రాసిన గడులు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్ని నిజమో నాకు ఆ రోజు అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున గ్రాఫు నాయన ముందు పెట్టాను. "నీలం గీత పొద్దుటి నువ్వు. ఎర్ర గీత సాయంత్రం నువ్వు," అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు.

"ఎవురికన్నా చూపించినావా?"

"లేదు."

"వచ్చే వారం మెడికల్ ఉంది. కంటి టెస్టు. అది పాసైతే నాలుగేండ్లు. ఆ రోడ్డు నేను కండ్లు మూసుకుని నడుపుతా."

"నా భయం అదే నాయనా."

ఆయన నవ్వలేదు. "ఆ టెస్టులో అక్షరాల చార్టు ఉంటది. పోయిన సారి డిపోలో ఇంగ్లీషు చార్టు పెడితే, వరసలో ముందు నిలబడినోళ్లు చదువుతుంటే విని చెప్పేసినా. ఈసారి కంటి ఆసుపత్రిలో నన్నొక్కణ్ణే పిలుస్తారంట. నీ కంప్యూటర్లో ఉంటది గదా, నేర్పు," అన్నాడు.

ఆ వారం నడుం నొప్పని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. టెస్టు ఫారం తీసుకురావడానికి నన్ను ఆసుపత్రికి పంపాడు. నేను వెళ్లాను. పరీక్ష చేసే గది తలుపు తెరిచి ఉంది. గోడ మీద చార్టు ఉంది. తెలుగు చార్టు. అక్షరాలన్నీ తెలుగువే, పైన పెద్దగా ఒకటి, కిందికి పోనుపోను చిన్నవి. నా ఫోనులో కెమెరా ఉంది. ఫొటో తీయడానికి ఒక్క సెకను చాలు.

తీయలేదు. ఫారం తీసుకుని ఇంటికొచ్చి నాయనకు ఇంగ్లీషు చార్టు నేర్పాను.

ఆయనంత మంచి విద్యార్థిని నేనెప్పుడూ చూడలేదు. "ఈ. ఎఫ్ పీ. టీ ఓ జెడ్. ఎల్ పీ ఈ డీ." అన్నం తింటూ చెప్పేవాడు, గడ్డం గీసుకుంటూ చెప్పేవాడు. కుడి నుంచి ఎడమకు కూడా చెప్పేవాడు, డాక్టరు తెలివి చూపిస్తే పనికొస్తుందని. నేను తప్పులు దిద్దాను. ప్రతి పొద్దునా ఒక్క మాట చెబితే సరిపోయేది. ప్రతి పొద్దునా టార్చి పట్టుకున్న ఆయన గుర్తొచ్చి, "ఇంకోసారి చెప్పు నాయనా," అన్నాను.

టెస్టు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. టోకెను తీసుకున్నాం, బల్ల మీద కూర్చున్నాం. లోపల మసక గదిలో డాక్టరు నాయన కన్ను ఒకటి మూసి, "పై నుంచి చదవండి," అన్నాడు.

నాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ," అన్నాడు గట్టిగా. "ఎఫ్ పీ. టీ ఓ జెడ్."

డాక్టరు గోడ వైపు చూశాడు. నాయన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఇంకోసారి చదవండి."

నాయన ఇంకోసారి చదివాడు, ఒక్క తప్పు లేకుండా, ఇంకో వరస ఎక్కువ కూడా. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఒకాయన పక్కాయనతో, "పెద్దాయనది ఇంగ్లీషు మీడియం," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, పాసయ్యాననుకుని, నాయన కూడా నవ్వాడు.

"అన్నా, అది తెలుగు చార్టు," అన్నాడు డాక్టరు. ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నాయన కళ్లలో లైటు వేసి చూశాడు. షుగరు వల్ల కంటి లోపలి తెర చాలావరకు పాడైందని, పోయిన చూపు రాదని, ఉన్నది నిలబెట్టుకోవాలని చెప్పాడు. ఫారం మీద ఒక్క మాట రాశాడు: అన్‌ఫిట్. గడి చిన్నది, మాట సరిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో పదకొండు మందిమి. నాయన డ్రైవరు పక్కన ఒక తొడ మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగాక, గేటు తెరవకుండా ఆగాడు.

"ఫారం తేవడానికి పోయినప్పుడు నువ్వు ఆ గది చూసినావా?"

"చూసినా."

"గోడ మీద చార్టు?"

"చూసినా నాయనా."

నా దగ్గర జోకు ఉంటుందేమోనని నేను కూడా వెతుక్కున్నాను. లేదు. ఆయన గేటు గడియ కోసం తడిమాడు, దొరకబుచ్చుకున్నాడు, లోపలికి పోయాడు. తర్వాత ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. ఇరవై ఒకటో రోజు కరెంటు పోయింది. "రిటైర్డ్," అన్నాడు చీకట్లో నుంచి. ఎవరిని ఉద్దేశించి అన్నాడో నేను అడగలేదు.

నా ప్రాజెక్టు ఇచ్చేశాను. రేసుల గ్రాఫులే ఇచ్చాను, ఎర్ర గీత ఇవ్వలేదు. మార్కులు మామూలుగా వచ్చాయి. ఆ ఫైల్లో కార్లు ఆగిపోయిన కారణాల జాబితాలో కంటి గాయం అని కూడా ఒకటుంది. అన్ని వేల వరుసల్లో అతి తక్కువసార్లు వస్తుంది. అంత మంది డ్రైవర్లలో ఒప్పుకున్నవాళ్లు అంతమందే అయి ఉంటారు.

నాయనకు కొన్ని నెలల తర్వాత బస్టాండు ఎంక్వయిరీ గదిలో పని ఇచ్చారు. మైకులో బస్సులు చెప్పాలి. టైములన్నీ నోటికొచ్చు కాబట్టి కాగితం చూడనక్కర్లేదు. అద్దాల పెట్టెలో ఫొటో ఇంకా ఆయనదే. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పిన్ని ఇప్పుడు ఒక కుర్రాడి బండికి కండక్టరు, ఘాటులో సీట్లో కూర్చునే ఉంటుందట. గొర్రెలాయన ఎప్పుడైనా బస్టాండుకు వస్తే ఎంక్వయిరీ కిటికీ ముందు నిలబడి బస్సు అడుగుతాడు. నాయన ఆయన్ని గొంతును బట్టి గుర్తుపట్టి, మైకు లేకుండానే చెప్తాడు.

సాయంత్రం ఘాటు మీదుగా పోయే బస్సు ఇప్పుడు అయిదుంబావుకు కాదు, నాలుగున్నరకే తీస్తున్నారు. రెండో ప్లాట్‌ఫారం. ఆదివారాలు ఆ సర్వీసు లేదు.